పొలిమేర దాటిన పెట్టె

కొత్తకోట బస్టాండు ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ తీసేవాళ్లకు ఊరి గుట్టంతా తెలుస్తుందని జనం అనుకుంటారు. తెలిసేది ఏముంది, ఆధార్ కార్డులు, పదో తరగతి మెమోలు, పట్టాదారు పాసుపుస్తకాలు. అందరి ఫోటోలూ ఒకే రకంగా బిక్కమొహం వేసుకుని ఉంటాయి. పొద్దంతా అవే చూసి చూసి నాకు మనుషుల మీద కుతూహలం చచ్చిపోయిందనుకుంటున్న రోజుల్లో, తెలంగాణ వచ్చిన ఏడాది, ఇస్రాయేలన్న నా షాపుకు వచ్చాడు.

అప్పటికి ఆయనెవరో నాకు తెలియదు. పొడుగ్గా, సన్నగా, మెడలో కళ్లద్దాల తాడుతో ఉన్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి కొత్తగా రిటైరైనవాడు. గాజు బల్ల మీద ఒక ఇంగ్లిషు కాగితం పెట్టి, వెలుతురు ఎక్కువ పడితే దానికి దెబ్బ, జర తక్కువ పెట్టమన్నాడు. జిరాక్స్ మిషనుకు మొహమాటం నేర్పమన్నట్టు ఉంది ఆయన మాట. నాకు చిరాకు వేసింది.

"ఏందన్నా ఇది, కోర్టు కాయితమా?" అన్నాను.

"కాదమ్మా. యుద్ధం కాయితం."

"ఏ యుద్ధం?"

"మనదే. నలభై ఎనిమిదిల అయింది సూడు, పోలీస్ యాక్షన్ అంటరు. దానికి ముందుగాల నిజాం సర్కారోళ్లు, ఢిల్లీ సర్కారోళ్లు ఒకలకొకలు రాసుకున్నయి."

డిగ్రీ చదివిన దాన్ని కదా అని కూడబలుక్కుని చదివాను. సరిహద్దులో ఏదో ఊరి మీద దాడి జరిగిందట. అందుకు ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వాన్ని ఆక్షేపిస్తూ, చివర్లో తమ గాఢమైన గౌరవాన్ని మళ్లీ ఒకసారి తెలియజేసుకుంది. నాకు నవ్వొచ్చింది. మా గల్లీలో నల్లా కాడ కొట్లాడుకునే ఆడవాళ్లు ఇంత మర్యాదగా ఉంటే నేను నిద్రపోదును.

"సూసినవా," అన్నాడు ఇస్రాయేలన్న, తనే రాసినంత సంబరంగా. "ఒకదిక్కు తుపాకులు తుడుసుకుంటున్నరు. ఇంకోదిక్కు గీ గౌరవం. ఏ కాయితంల సూడు, ఆఖరికి గౌరవమే ఉంటది."

నా కుతూహలం అక్కడ లేచి కూర్చుంది. మళ్లీ పడుకోలేదు.

ఆ తర్వాత ఆయన తరచూ వచ్చేవాడు. తార్నాకలో ఉన్న పాత దస్తావేజుల ఆఫీసుకు పోయి అర్జీ పెట్టి కాపీలు తెచ్చుకునేవాడు. హైదరాబాదులో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ల దగ్గర గోనెపట్టా మీద గొంతుక్కూర్చుని వెతికి దేవులాడేవాడు. కొడుకు పెళ్లికి కొన్న కొత్త బీరువాలో బట్టలకు జాగా లేకుండా నింపాడని ఆయన భార్య కోమల ఒకసారి నాకే మొరపెట్టుకుంది. నిజాంకూ ఢిల్లీకీ కుదిరిన యథాతథ ఒప్పందం నకలు, టెలిగ్రాముల నకళ్లు, నిజాం తరఫువాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న ఫిర్యాదు అచ్చు ప్రతి, అప్పటి పత్రికల ముక్కలు, అన్నీ ఆ బీరువాలోనే. ఉర్దూ కాగితాలను జడ్చర్లలో ఉండే పాత దోస్తు చదివి పెడితే, తెలుగులో రాసుకుని కుట్టుకునేవాడు. లామినేషన్ చేయనా అని నేను అలవాటుగా అడిగితే, పసిపిల్ల మూతికి ప్లాస్టిక్ చుట్టమన్నట్టు చూశాడు. కాగితానికి గాలి ఆడాలట. అది తెలియక మా తాలూకా మొత్తం తన బతుకును లామినేషన్ చేయించుకుంటోంది.

ఒకరోజు కరెంటు పోయింది. మిషను ఆగింది, ఆయన కాగితం మధ్యలో ఇరుక్కుంది. అది బయటికి వచ్చేదాకా ఆయన కదలడు. అదే అదను అనుకుని అడిగాను. "అన్నా, నీకు గీ పిచ్చి ఎట్ల పట్టింది?"

మిషను మూత వైపే చూస్తూ చెప్పాడు.

వాళ్లది గుండ్లవాయి, మాకు నాలుగైదు మైళ్లు. ఊరి వెట్టి పని వాళ్ల ఇంటిది. అంటే సర్కారు మనిషి ఎవరొచ్చినా మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, కూలీ నాలీ లేకుండా, తమ ఊరి పొలిమేర దాకా మోయాలి. అక్కడ అవతలి ఊరి వెట్టి మనిషి ఎత్తుకుంటాడు. అతను తన పొలిమేర దాకా మోసి ఆ పై ఊరి మనిషికి ఇస్తాడు. అట్లా ఊరూరూ చేతులు మారి మూట పోవలసిన చోటికి పోతుంది.

ఆ ఏడు వినాయక చవితి వెళ్లిన వారం లోపే, కర్నూలు దిక్కు నుంచి ఒక అధికారి జీపులో వచ్చాడు. వాగు పారుతోంది, జీపు దిగబడింది. జీపులో ఒక రేకు పెట్టె ఉంది. ఇస్రాయేలన్న తండ్రి మైసయ్య అప్పటికి మీసం రాని పిల్లగాడు. పెట్టె అతని నెత్తికెత్తి, ఇందులో ఉన్నవి నిజాం సర్కారుకూ ఢిల్లీకీ మధ్య సంధి కాగితాలు, హైదరాబాదు చేరితే యుద్ధం ఆగుతుంది, తడిస్తే నీ పని చెబుతానని పటేలు బెదిరించాడు. వాగు నడిమధ్య మైసయ్య కాలు జారింది. పెట్టె మునిగి లేచింది.

"తెల్లారి కాదు, ఆ తెల్లారి మిలటరీ లారీలు వచ్చినయంట," అన్నాడు ఇస్రాయేలన్న. "పటేలు బాపును చెట్టుకు కట్టి కొట్టిండు. 'నువ్వు తడిపినవు గాబట్టే యుద్ధం వచ్చింది' అన్నడు. ఆ వారంల ఊరి దర్జీ సాయిబు ఇల్లు ఖాళీ అయింది. బాపుకు తొలి అంగీ కుట్టింది ఆయనే. మల్ల రాలే. బాపు అదంత తన నెత్తినే వేసుకున్నడు."

"గా ముచ్చట తాత ఇప్పటికీ నమ్ముతున్నడా?"

"మా చర్చిల నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తరు, బల్ల అంటం. బాప్తిస్మం తీసుకున్న కాడికెళ్లి బాపు ఒక్కపారి గూడ బల్లకు రాలే. ఆఖరి వరసల కూసుంటడు. అందరు లేస్తె తల కిందికేస్తడు. అడిగితె, నాకు గది తగదు అంటడు. ఎనభై దాటినయి స్వరూపా. బల్ల ముట్టకుండనే పోతడని నా భయం. అందుకే గీ దేవులాట. యుద్ధం నీతోని రాలేదని కాయితం మీద సూపియ్యాల."

కరెంటు వచ్చింది. కాగితం ఏ మాత్రం నలగకుండా బయటికి వచ్చింది. నా మనసు మాత్రం బాగా నలిగింది. ఆ రోజు ఆయన దగ్గర పైసలు తీసుకోవడానికి చేయి రాలేదు. ఆయన మాత్రం టికెట్టు లేకుండా ఎవరూ ఎక్కకూడదన్నట్టు బల్ల మీద పెట్టి పోయాడు.

ఇట్లా ఏళ్లు గడిచాయి. మా మండలం మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తికి మారింది, నా షాపు బోర్డు మీద జిల్లా పేరు మార్చుకున్నాను, ఇస్రాయేలన్న ఢిల్లీ కూడా పోయి వచ్చాడు. చివరికి ఆయనకు కావలసింది దొరికింది. పాత పంచాంగం తెచ్చి చవితి ఏ తారీకున పడిందో చూసుకున్నాడు. టెలిగ్రాముల తారీకులు పక్కన పెట్టుకున్నాడు. పెట్టె వాగు దాటకముందే సైన్యం కదలడానికి అంతా సిద్ధమై ఉంది. పెట్టె పొడిగా చేరినా, బంగారు పల్లకిలో చేరినా ఆగేది కాదు. పెట్టెలో నిజంగా ఏముందో మాత్రం ఎక్కడా లేదు. సంధి కాగితాలే కావచ్చు, సరిహద్దు గొడవల వాంగ్మూలాలు కావచ్చు, ఏ పోలీసు అమీనుదో బత్తెం లెక్క అయినా కావచ్చు.

ఆ కాగితాలన్నీ నా దగ్గర పెద్దక్షరాల్లో తీయించుకుని, పండక్కి పోయినట్టు గుండ్లవాయిలో ఉన్న తండ్రి దగ్గరికి పోయాడు. మర్నాడు వచ్చినప్పుడు మొహం వాడిపోయి ఉంది.

"ఏమన్నడు తాత?"

"సదివినంతసేపు ఇన్నడు. 'దొరలు వాళ్లకు ఎట్ల మంచిగుంటె గట్ల రాసుకుంటరు బిడ్డా. తడిపింది నేను' అని అటు మళ్లి పండుకున్నడు."

నాకు ముసలాయన మీద కోపం వచ్చింది. కొడుకు బీరువా నిండా పోగుచేసిన చరిత్రను ఒక్క మాటతో పక్కకు తోశాడు కదా అని. ఆ కోపంలోనే అడిగాను. "సరే, పొలిమేర కాడ గా పెట్టెను ఎవలు ఎత్తుకున్నరు?"

"తాళ్లకుంట సోమన్న అని ఒకాయన."

"ఆయన్ని అడిగినవా?"

"తాళ్లకుంటకు మేం పోము. బాపు పోనియ్యడు. ఆ ఊరితోని పిల్లను ఇచ్చుడు లేదు, తెచ్చుడు లేదు. ఆ రూట్ల డ్యూటీ పడితె గూడ నేను మార్పిచ్చుకుంటుంటి."

"ఢిల్లీ దాకా పోయినవు గని, పక్క ఊరికి పోలేదా అన్నా?"

ఆయన కాగితాలు కూడా మర్చిపోయి బయటికి నడిచాడు.

మర్నాడే తాళ్లకుంట వెళ్లాడు. సోమన్న చనిపోయి చాలా ఏళ్లయిందట. ఆయన భార్య గుర్వమ్మ ఉంది. ఇస్రాయేలన్న తానెవరో చెప్పేసరికి ఆమె చాట పక్కన పెట్టి, కూర్చోబెట్టి మాట్లాడింది. ఆమె చెప్పింది విని ఆయన నా షాపుకు దాదాపు పరుగెత్తుకొచ్చాడు. తాళ్లకుంట పటేలు కూడా సోమన్నను అదే మాట అన్నాడట. నువ్వు బువ్వ తిననీకె ఆగి ఆలస్యం చేసినవు, అందుకే ఫౌజు వచ్చింది, అని. సోమన్న ఇంటికొచ్చి నవ్వాడట. తన నడకతో ఆగే యుద్ధమైతే గంతమంది దొరలెందుకు అన్నాడట.

"ఇప్పుడు సూడు," అన్నాడు ఇస్రాయేలన్న. "ఇగ బాపు తేలికైతడు."

తేలిక కాలేదు. కొడుకు చెప్పిందంతా విని మైసయ్య తాత ఒక్కటే అడిగాడట. "నేను తడిపిన సంగతి సోమన్నకు ఎర్కనా?"

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పలే," అన్నాడట తాత. అప్పుడు మొత్తం బయటపెట్టాడు.

పొలిమేర కాడ ఒక కాయిదా, కట్టుబాటు ఉండేది. ఎత్తుకునేవాడు 'మంచిగున్నదా' అని అడగాలి. ఇచ్చేవాడు ఉన్నదున్నట్టు చెప్పాలి. పగిలినా, తడిసినా చెప్పి తీరాలి. అప్పుడు అవతలివాడు ఎత్తుకోకుండా పటేలును పిలిపిస్తాడు. పటేలు దగ్గర మాటకు విలువలేని మనుషులకు, తమలో తమకు ఉన్న మాట అదొక్కటే. మైసయ్య వాగు ఒడ్డున పెట్టెను రుమాలుతో తుడిచాడు. పొలిమేర మీద సోమన్న 'మంచిగున్నదా' అంటే 'మంచిగున్నది' అన్నాడు.

"పొలిమేర మీద అబద్ధం ఆడినోనికి బల్ల ఎందుకు బిడ్డా," అన్నాడట తాత.

ఇస్రాయేలన్న ఇన్నేళ్లూ యుద్ధం ఎవరు తెచ్చారని ఢిల్లీలో వెతికాడు. తండ్రికి తగిలిన ముల్లు యుద్ధం కానేకాదు. కొట్టి అడిగిన పటేలుకు తడిసిందని ఒప్పుకున్నవాడు, మెల్లగా అడిగిన సోమన్నకు ఆడిన అబద్ధాన్ని మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

తాళ్లకుంటకు తీసుకపొమ్మని తాతే అడిగాడు. ఆటో మాట్లాడారు. ముసలాయన్ని ఒక పక్క పట్టుకోవడానికి నేను కూడా వస్తానన్నాను. సాయం కోసమని పైకి అన్నాను కానీ, నిజానికి వెళ్లకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేది. షాపుకు తాళం వేసి ఎక్కాను.

దారి పొడుగునా పత్తి తీస్తున్నారు. పొలిమేర రాయి ఉన్న చోట ఇప్పుడు రెండు ఊళ్లకు బోర్డులు ఉన్నాయి. అది రాగానే తాత ఆటో ఆపమన్నాడు. దిగి, కర్ర పట్టుకుని, మిగతా దూరం నడిచే వస్తానన్నాడు. ఇస్రాయేలన్న వద్దన్నా వినలేదు. ఆటో మా వెనక మెల్లగా వచ్చింది. పత్తి చేలలో వాళ్లు నడుము ఎత్తి మమ్మల్ని వింతగా చూశారు.

గుర్వమ్మ అరుగు మీద పెసర్లు చెరుగుతోంది. కళ్లు బాగానే కనబడుతున్నాయి. తాతను చూసి లేవబోయింది. ఆయన అరుగు ఎక్కలేదు. కిందనే నిలబడి, కర్ర రెండు చేతులతో పట్టుకుని అన్నాడు.

"వదినె, నేను గుండ్లవాయి మైసయ్యను. ఆ పొద్దు పెట్టె నేను తడిపిన. తుడిచి ఇచ్చిన. సోమన్న అడిగితె మంచిగున్నది అన్న. అబద్ధం ఆడిన. చెప్పిపోదామని వచ్చిన."

ఆమె చాటను పక్కకు పెట్టింది. తొందరపడలేదు.

"మైసయ్యా, నువ్వు తుడిచినవు గని, పెట్టె లోపటి నీళ్లు ఎటు పోతయి? అడుగున కారుతనే ఉన్నయంట. మా ఆయన సూసిండు."

తాత తల ఎత్తాడు.

"పోరడు వణుకుతున్నడు, మంచిగున్నదా అంటె పెదవులు నీలమై మంచిగున్నది అన్నడు అని నాకు ఎన్నిపార్లు చెప్పిండో. తడిసింది, నేను ఎత్తుకోనంటె ఆ పోరన్ని పటేలు సంపుతుండె. అందుకని ఎత్తుకున్నడు. ఇంటికొచ్చినంక మెడకెళ్లి ఈపు దాకా అంగీ తడి."

"సోమన్నకు ఎర్కనా?"

"ఎర్కయ్యే ఎత్తుకున్నడయ్యా. ఎర్కయి ఎత్తుకున్నంక అది ఇచ్చినోని నెత్తి మీద ఉండదు. నీకు తెల్వని కాయిదానా?"

తాత అరుగు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. చిన్నపిల్లవాడు అలిగినట్టు అన్నాడు. "మరి నాకెందుకు చెప్పకపోయె?"

"నువ్వు ఈ దిక్కు వస్తె గద చెప్పేతందుకు," అంది గుర్వమ్మ. "ఆయనకైతె నువ్వంటె మస్తు పావురం ఉండె. జాతరల కనబడితె నువ్వే మొకం దాసుకొని పోతుంటివట. మొన్న నీ కొడుకు వస్తె గీ ముచ్చట చెప్పలే. అది నీకు చెప్పే ముచ్చట. వస్తవా రావా అని సూసిన."

ఆ మాటకు మాత్రం తాతకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. పక్క ఊళ్లో తన మీద అంత పావురం, అంత ప్రేమ పెట్టుకుని ఒక మనిషి బతికి పోయాడు. ఈయన ఆ మనిషికి భయపడి ఒక జీవితమంతా చుట్టుదారిన తిరిగాడు. ఆ క్షణంలో నాకు ఆ పటేలు మీద, ఆ అధికారి మీద, గౌరవాలు తెలియజేసుకున్న రెండు సర్కార్ల మీద పట్టరాని కోపం వచ్చింది. ఇస్రాయేలన్న మాత్రం తండ్రి వీపు మీద చేయి వేసి ఊరికే నిలబడ్డాడు.

గుర్వమ్మ మాకు జొన్నరొట్టె పెట్టింది. తాత తిన్నాడు. తినేటప్పుడు ఆ పెట్టె తాళ్లకుంట పొలిమేర కాడ ఎవరు ఎత్తుకున్నారు, ఆ పైన ఎవరు అని అడుగుతూనే ఉన్నాడు. ఆమెకు ఆ ముందరి ఊరి మనిషి పేరు తెలుసు, ఆ పైన తెలియదు.

ఆ తర్వాత వచ్చిన నెలలో మొదటి ఆదివారం గడిచిన మర్నాడు ఇస్రాయేలన్న షాపు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. షట్టరు ఎత్తుతుంటేనే చెప్పాడు. నిన్న బల్ల ఇచ్చేటప్పుడు తాత ఆఖరి వరస నుంచి లేచాడట. పాస్టరుగారు రొట్టె పళ్లెం పట్టుకుని తానే కిందికి దిగి రాబోతే, వద్దని చేయి ఊపి, కర్ర పక్కన పెట్టి, వరసల మధ్య నుంచి ఒక్కడే ముందుకు నడిచాడట. కోమల ఏడుపు ఆపుకోలేక బయటికి పోయిందట.

"ఇంకేం అన్నా, అయిపోయింది నీ పని," అన్నాను, నా కళ్లు తుడుచుకుంటూ. "బీరువా ఖాళీ చేసి వదినెకు ఇయ్యి."

"యాడ అయిపోయింది," అన్నాడు ఆయన. సంచిలోంచి తార్నాక ఆఫీసుకు రాసిన కొత్త అర్జీ తీసి గాజు బల్ల మీద పెట్టాడు. "ఇంటికి పోంగనే బాపు ఏమన్నడు ఎర్కనా? 'ఊరూరు ఎత్తుకున్నరు, ఒకలకొకలు చెప్పుకున్నరు, మంచిగనే ఉన్నది. హైదరాబాదుల ఆఖరికి దించుకున్న దొర ఎవలు? మంచిగున్నదా అని అడిగిండా? నీ కాయితాలల్ల ఉన్నదా?' అన్నడు. లేదు బాపు అన్న. 'మరి ఊకె కూసున్నవేంది, దేవులాడు' అన్నడు."